కన్ను ముందు, కాలు వెనక: చేలో, కొండల్లో, కరకట్ట మీద నడిచేవాళ్ళు పాము కాటు పడకుండా ఎలా ఉండాలి

కార్తీకమాసంలో మా ఆఫీసు వాళ్ళం అందరం విజయవాడ నుంచి వనభోజనాలకని మూలపాడు వైపు వెళ్ళాం, కొండపల్లి అడవి అంచున ఒక ఉసిరిచెట్టు చూసుకుని చాపలు పరిచి సామాన్లు దించుకున్నాం, పొయ్యికి మూడు రాళ్ళు కావాలి అనగానే మాలో ఒకతను పరిగెత్తుకెళ్ళి పొద పక్కనున్న రాయి కింద వేళ్ళు దూర్చి పైకి లేపాడు. కింద చిన్నపింజర చుట్టచుట్టుకుని ఉంది, మూరెడు కూడా లేదు. అది కదులుతూ పొలుసులు ఒకదానికొకటి రుద్దుకుంటే గరగరా ఒక శబ్దం వస్తది, అది నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. అతని వేళ్ళకీ దానికీ మధ్య బెత్తెడు దూరం. రాయి వదిలేసి వెనక్కి పడ్డాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు సాయంత్రం దాకా అందరూ పాము గురించే మాట్లాడుకున్నారు, ఎంతుంది, ఏ రంగు, ఎటు పోయింది అని. నాకు మాత్రం ఆ చెయ్యి గురించే ఆలోచన. కంటికి కనపడని చోటికి చెయ్యి ఎందుకు వెళ్ళింది?

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు చీకటి పడ్డాక పాము అనే మాట నోట్లోంచి రానివ్వరు, పురుగు అంటారు. "పురుగూ పుట్రా ఉంటాయి, లైటు తీసుకెళ్ళరా అబ్బాయ్" అని మా నాయనమ్మ వందసార్లు చెప్పుంటది. డొంకల్లో, గట్ల మీద తిరిగి పెరిగినవాణ్ణి, మా ఇంట్లో ఒక కాటు చూసినవాణ్ణి కూడా, దాని సంగతి కింద చెప్తా. ఇప్పుడు ఆదివారం పూట కొండలెక్కేవాళ్ళు, కరకట్ట మీద వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు, ప్లాటు చూసుకోడానికి కంపల్లోకి దిగేవాళ్ళు బాగా పెరిగారు, వీళ్ళల్లో చాలామందికి నాయనమ్మ చెప్పే మాటలు అందలేదు, అందుకని రాస్తున్నా.

ముందు ఒక లెక్క చూడండి. 2000 నుంచి 2019 దాకా 20 ఏళ్ళలో మన దేశంలో పాము కాటుకి పోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది అని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది, అంటే ఏడాదికి దగ్గర దగ్గర 58 వేలు. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, చాలా భాగం పల్లెల్లోనే. చావులు ఎక్కువున్న రాష్ట్రాల వరసలో మన ఆంధ్ర కూడా ఉంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు ఎంత ఎక్కువయ్యాయో, అవనిగడ్డ ఆసుపత్రికి రోజూ జనం ఎలా వచ్చారో చాలామందికి గుర్తుండే ఉంటది. నాట్లు పడే టైము, వానలు, కలుగుల్లోకి నీళ్ళు, ఎలుకలూ కప్పలూ గట్ల మీదకి రావడం, వాటి వెనకే పాములు రావడం. ఇవన్నీ ఒకే నెలలో కలుస్తాయి, మన కాళ్ళు కూడా అప్పుడే గట్ల మీద ఉంటాయి.

కాలు సంగతి

పాము కాట్లలో ఎక్కువ భాగం మోకాలి కిందే పడతాయి, పాదం, చీలమండ, పిక్క. పాము మనల్ని వెతుక్కుంటూ వచ్చి కరవదు, దాని మీదో దాని పక్కనో మనం కాలు వేస్తే కరుస్తది. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది ముందు కాలికే. హవాయి చెప్పులతో కొండ ఎక్కొద్దు, శాండల్స్ కూడా వద్దు. చీలమండ దాటి పైకి వచ్చే మందపాటి షూ వేసుకోండి, చేలోకైతే మోకాలి దాకా వచ్చే గమ్ బూట్లు. ఇవి విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు పట్నం బజారులో హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి, పురుగుమందు డబ్బాకి పెట్టే డబ్బుతో పోలిస్తే పెద్ద ఖర్చు కాదు. పైన వదులుగా ఉండే మందపాటి ప్యాంటు వేసుకోవాలి, ఒంటికి అతుక్కుపోయే లెగ్గింగ్సు, షార్టులు అస్సలు వద్దు, బట్ట వదులుగా ఉంటే కోర చర్మం దాకా దిగకుండా బట్టలోనే ఆగే అవకాశం ఉంటది.

నాట్లేసేవాళ్ళు బురదలో బూట్లతో పనిచెయ్యలేరు, అది నాకూ తెలుసు, మా అమ్మ కూడా నాట్లకి వెళ్ళేది. కానీ ఇంటి నుంచి మడి దాకా నడిచే డొంక ఉంది, గట్టు ఉంది, సాయంత్రం తిరిగొచ్చే దారి ఉంది, అక్కడ బూట్లు వేసుకోడానికి ఏ అడ్డూ లేదు. మడిలో దిగేటప్పుడు విప్పి గట్టు మీద పెట్టండి, మళ్ళీ వేసుకునే ముందు తలకిందులు చేసి రెండుసార్లు నేలకేసి కొట్టండి, వట్టి చెయ్యి లోపల పెట్టి చూడొద్దు.

దారి మధ్యలో నడవాలి, అంచు గడ్డిలో కాదు. ఎదురుగా బండి వస్తే పక్కకి తప్పుకుంటాం కదా, ఆ పక్కకి వేసే అడుగే ఎక్కువ ప్రమాదం, వేసేముందు ఒక్క క్షణం చూడండి. పడిపోయిన తాటిమొద్దో పెద్ద రాయో అడ్డం వస్తే ఒకేసారి దాటెయ్యొద్దు, ముందు దాని మీద కాలు పెట్టి ఎక్కి, అవతల ఏముందో చూసి అప్పుడు దిగాలి, ఎందుకంటే అవతలి వైపు నీడలో పాము ఆనుకుని పడుకుని ఉండొచ్చు. గట్టు మీద ఎలుక కలుగులు కనిపిస్తే అక్కడ ఆగి నిలబడి ఫోన్ మాట్లాడొద్దు. పొద్దున్నే చలికాలంలో కొండపల్లి కోట దారిలో గానీ కొండవీడులో గానీ ఎండ పడే రాళ్ళ మీద వెచ్చదనం కోసం పడుకుని ఉంటాయి, ఎండాకాలమైతే పగలంతా నీడలో ఉండి రాత్రి బయటికొస్తాయి, అంటే ఏ కాలంలోనైనా మనకి హాయిగా ఉండే చోటే దానికీ హాయి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవొద్దు. రక్తపింజర కరిచేముందు చాలాసార్లు బుస కొడతది, కుక్కర్ విజిల్ ముందు ఆవిరి తన్నినట్టు గట్టిగా, ఆగకుండా వస్తది, ఆ శబ్దం వినపడితే ప్రాణం దక్కినట్టే, పాటలు పెట్టుకుంటే అది పోతుంది.

కర్ర, లైటు

పాముకి బయటికి చెవులు ఉండవు, నేలలో వచ్చే అదురు దానికి బాగా తెలుస్తది. అందుకే మా నాన్న చేతికర్రతో నేల మీద తడుతూ నడిచేవాడు, నేనూ అదే చేస్తా, మన కంటే మూడడుగులు ముందు కర్ర నడవాలి, గడ్డిని ముందు కర్రతో పక్కకి జరిపి అప్పుడు అడుగు వెయ్యాలి. నాగుపాము, జెర్రిపోతు లాంటివి అలికిడికి తప్పుకుని పోతాయి. కానీ ఒక్క సంగతి మర్చిపోవద్దు, రక్తపింజర అలా తప్పుకోదు. ఎండుటాకుల్లో కలిసిపోయే రంగు, గొలుసులా మచ్చలు, దానికి ఆ రంగు మీదే ధైర్యం, కదలకుండా అక్కడే పడి ఉంటది. కాబట్టి కర్ర తట్టాను కదా అని కళ్ళు మానెయ్యొద్దు. మామిడితోటల్లో, సర్కారు తుమ్మ కింద ఆకు మందంగా రాలిన చోట ఇంకా జాగ్రత్త. మెత్తటి బురద నేలలో అదురు కూడా అంత దూరం పోదు.

చీకటి పడ్డాక లైటు లేకుండా పది అడుగులు కూడా వెయ్యొద్దు, రోజూ నడిచే దారే అయినా సరే, నిజానికి రోజూ నడిచే దారిలోనే జనం లైటు వెయ్యరు. సెల్ లైటు ఏమీ లేనిదానికంటే మేలే కానీ దాని వెలుగు దగ్గరే పడుతుంది, పైగా ఒక చెయ్యి దానికే పోతుంది. తలకి కట్టుకునే లైటో, మంచి టార్చో కొనుక్కోండి. టార్చి నడుము దగ్గర కిందకి పట్టుకుంటే నేల మీద ఉన్నవాటికి నీడలు పడి బాగా తెలుస్తాయి, భుజం ఎత్తులో పట్టుకుంటే అంతా చదునుగా కనిపిస్తది. రాత్రిపూట మోటరు ఆన్ చెయ్యడానికి వెళ్ళే రైతులకి ఇది మరీ ముఖ్యం, మోటరు షెడ్డు తలుపు కర్రతో తోసి, లైటు వేసి, స్టార్టరు పెట్టె పైనా కిందా చూసి అప్పుడు చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటది కాబట్టి ఎలుకలు అక్కడికి చేరతాయి, వాటి వెనక అదీ వస్తది.

చెయ్యి సంగతి

నేను ఎక్కువ భయపడేది చేతుల గురించే. కాలికి షూ ఉంటది, చేతికి ఏమీ ఉండదు. రాయి తియ్యాల్సి వస్తే ముందు కర్రతో కదిలించండి, తర్వాత అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి వాల్చండి, అప్పుడు రాయి మీకూ దానికీ మధ్య అడ్డంగా ఉంటది, కింద ఏదైనా ఉంటే అవతలికి పోతుంది. మా వాడు చేసింది దీనికి సరిగ్గా తిరగబడి. కట్టెలు ఏరేటప్పుడు కూడా అంతే, పుల్లని ముందు కాలితో కాదు, కర్రతో దొర్లించి తీసుకోండి. ఇటుకల పేర్పు, పిడకల గూడు, గడ్డివామి, కొబ్బరి డొక్కల కుప్ప, వీటిల్లో వట్టి చెయ్యి పెట్టొద్దు. మొక్కల మొదళ్ళ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు మందపాటి గ్లవుజులు వేసుకుంటే మంచిది, అవి లేకపోతే కనీసం ఒక పుల్లతో మొదలు కదిపి అప్పుడు వంగాలి. కొండ ఎక్కేటప్పుడు పైనున్న రాతి అంచు తల కంటే ఎత్తులో ఉంటే దాని మీద ఏముందో చూడకుండా చేత్తో పట్టుకుని లాక్కోవద్దు.

నాగులచవితి రోజు పుట్ట దగ్గరకి పిల్లల్ని తీసుకెళ్తాం, మేమూ వెళ్తాం. పూజ మానమని నేను అనను. పాలు దూరం నుంచి పొయ్యండి, పాము పాలు తాగే జంతువు కాదు కాబట్టి కన్నంలోకి చెయ్యి దాకా పోనిచ్చి పొయ్యాల్సిన పని లేదు, కోడిగుడ్డు కూడా పుట్ట అంచున పెడితే చాలు. పుట్టకి ఒకే కన్నం ఉండదు, మీ వెనక కూడా ఇంకొకటి ఉండొచ్చు, పిల్లల్ని అక్కడ తిరగనివ్వొద్దు, పుట్ట పక్కన టపాసులు కాల్చనివ్వొద్దు.

కూర్చునేముందు కూడా చూసుకోవాలి. చెట్టు మొదట్లో వేళ్ళ మధ్య కూర్చోవద్దు, చదునుగా గడ్డి లేని చోట చాప వేసుకోండి. బహిర్భూమికి పొదల్లోకి వెళ్ళాల్సి వస్తే, చెప్పుకోడానికి మొహమాటం ఉన్నా చెప్పాల్సిందే, ముందు కర్రతో చుట్టూ తట్టి, లైటుతో చూసి అప్పుడు కూర్చోవాలి, ముఖ్యంగా ఆడవాళ్ళు చీకట్లో వెళ్ళాల్సి వచ్చే ఊళ్ళల్లో. బైకు దగ్గర నేల మీద పెట్టిన హెల్మెట్టు, జర్కిను, బ్యాగు దులుపుకోకుండా తగిలించుకోవద్దు.

కంప కొట్టినప్పుడు, వరద వచ్చినప్పుడు

అమరావతి వైపు 2019 తర్వాత పనులు ఆగి తుమ్మకంప అడవిలా పెరిగింది, 2024లో మళ్ళీ మిషన్లు పెట్టి తీయించారు. కంప కొట్టిన రోజుల్లో లోపలున్న ఎలుకలూ పాములూ చెదిరి పక్కనున్న ఇళ్ళ వైపు, రోడ్ల వైపు వస్తాయి. మీ ప్లాటు పక్కన జేసీబీ తిరుగుతుంటే వారం పది రోజులు అటు నడిచేటప్పుడు రెట్టింపు జాగ్రత్త పడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు నీళ్ళల్లో పాములు కొట్టుకొచ్చాయి, వరద నీళ్ళల్లో నడవాల్సి వస్తే షూ విప్పొద్దు, కర్రతో ముందు తడుముకుంటూ నడవండి, తేలుతున్న చెత్తకుప్పకి చెయ్యి తగలనివ్వొద్దు. నీళ్ళు తీశాక ఇంట్లోకి వెళ్ళేటప్పుడు తడిసిన పరుపులు, బీరువా వెనక, వంటగదిలో గ్యాస్ బండ వెనక కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టండి.

ఎదురైతే

ఆగిపోండి. పాము కనపడ్డ చోట మనం పరిగెత్తితే ఇంకో పాము మీద కాలు వేసే అవకాశం కూడా ఉంది. మెల్లగా వచ్చిన దారినే వెనక్కి రండి, కనీసం ఆరడుగుల దూరం ఉంచండి, దానికి పోవడానికి దారి వదిలితే అదే పోతుంది. రాయి విసరొద్దు, కర్రతో పొడవొద్దు, ఫొటో కోసం దగ్గరికి వెళ్ళొద్దు. చంపబోయి కాటు తిన్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. చచ్చిపోయిందనుకున్న పాము తల కూడా కొంతసేపు కరవగలదు, చేత్తో ఎత్తొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పాముల్ని చంపడం నేరం కూడా. ఇంట్లోకి వస్తే తలుపు మూసి, దాని మీద దూరం నుంచి ఒక కన్నేసి ఉంచి, అటవీశాఖ వాళ్ళకో పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చెయ్యండి. వెల్లుల్లి నీళ్ళు చల్లడం, గంధకం, కార్బాలిక్ యాసిడ్ లాంటివి నమ్ముకోవద్దు, వాటికంటే ఇంటి చుట్టూ చెత్త తీసి ఎలుకలు లేకుండా చూసుకుంటే పది రెట్లు నయం.

మన దేశంలో 300కి పైగా పాము జాతులున్నాయి, కానీ మనుషుల ప్రాణం తీసేవి ఎక్కువగా నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. జెర్రిపోతుకి, నీరుకట్టుకి విషం లేదు, జెర్రిపోతు అయితే చేలో ఎలుకల్ని తినిపెట్టి మేలు చేస్తది. అయితే గుర్తుపట్టడం నాకొచ్చు అనే ధైర్యంతో ఏ పాము దగ్గరికీ వెళ్ళొద్దు, పిల్ల రక్తపింజరని చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకున్నవాళ్ళున్నారు.

వీటిల్లో కట్లపాము సంగతి వేరు. నల్లగా, తెల్లటి సన్నని కట్లతో ఉంటది, రాత్రిపూట తిరుగుతది, నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి వచ్చి కరుస్తది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగలేరు, మాట ముద్దగా వస్తది. గ్యాస్ అనుకుని మందు బిళ్ళ వేసి పడుకోబెట్టి పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. చేని కాపలాకి వెళ్ళినా, కొండల్లో రాత్రి టెంటు వేసుకున్నా నేల మీద పడుకోవద్దు, మంచం ఎక్కండి, దోమతెర కట్టుకుని అంచులు పరుపు కిందకి దోపండి. దోమతెర దోమలకే అనుకుంటాం, కట్లపాముకి దానికంటే మంచి అడ్డం లేదు.

కరిస్తే

మా బాబాయిని కరిచింది రక్తపింజర. ఆశ్వయుజంలో సందెవేళ, మడికి నీళ్ళు కట్టి గట్టు మీద వస్తుంటే, చెప్పులు చేతిలో ఉన్నాయి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. చేలో ఉన్నవాళ్ళు తువ్వాలు పెట్టి పిక్క మీద బిగించి కట్టారు, బ్లేడుతో గాటు పెట్టారు, బండి మీద పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు, అందరూ ఆయన్ని బతికించాలనే చూశారు. రెండు గంటలు అక్కడే పోయాయి. చిగుళ్ళలోంచి రక్తం రావడం చూశాక మా నాన్న "ఇక చాలు, పదండి" అని లేవదీశాడు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో మందు లేదన్నారు, రెండో చోట ఎక్కించారు. మూడు వారాలు డయాలసిస్ చేయించాల్సి వచ్చింది, రక్తపింజర విషం కిడ్నీలని అంత పాడుచేస్తది. బతికాడు. కానీ బ్లేడు గాటు పెట్టిన చోట పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది.

మంత్రం వేస్తే తగ్గింది అని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళు కళ్ళారా చూశారు. చాలా పాములకి విషమే లేదు, విషమున్న పాము కూడా ప్రతి కాటులో విషం దించదు, అలాంటి మనిషి మంత్రం వేసినా వెయ్యకపోయినా బతుకుతాడు. విషం దిగిన మనిషికి మాత్రం ఆ గంటే ప్రాణం. ఏది దిగిందో ఏది దిగలేదో బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు, రెండు గాట్లుంటే విషప్పాము, ఎక్కువుంటే కాదు అనే లెక్క కూడా నమ్మొద్దు.

కాబట్టి కరిస్తే ముందు పాము నుంచి దూరంగా జరగండి, దాన్ని చంపి తేవాల్సిన పని లేదు, దూరం నుంచి ఫొటో దొరికితే మంచిదే, దాని కోసం వెతకొద్దు. కరిచిన మనిషికి ధైర్యం చెప్పండి, ఇది ఉత్త మాట కాదు, కంగారు పడి పరిగెత్తితే విషం తొందరగా ఎక్కుతుంది. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు, వాచీ, షూ వెంటనే తీసెయ్యండి, వాపు వచ్చాక అవి తీయలేరు, వేలికి రక్తం ఆగిపోద్ది. కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకి కట్టినట్టు ఒక కర్రా గుడ్డా పెట్టి కదలకుండా వదులుగా కట్టండి. తాడుతో బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు, పసరు పొయ్యొద్దు, సారా గానీ నొప్పి బిళ్ళలు గానీ ఇవ్వొద్దు. ఎవరైనా ఇప్పటికే బిగించి కట్టేసి ఉంటే దారిలో తటాలున విప్పొద్దు, డాక్టరు ముందు విప్పాలి, ఒక్కసారిగా వదిలితే విషం ఒంట్లోకి దూసుకుపోద్ది. వాంతులవుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

108కి ఫోన్ చెయ్యండి. బండి రావడానికి టైము పడుతుంది అంటే కారో ఆటోనో ఏది దొరికితే అది, ఏదీ లేకపోతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి వెనకవాళ్ళు పట్టుకుని తీసుకెళ్ళండి, మనిషిని మాత్రం నడిపించొద్దు. దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి పాము విషానికి మందు ఉందా అని అడగండి, మందు లేని ఆసుపత్రికి వెళ్ళి మా బాబాయికి పోయిన అరగంట మీకు పోకుండా ఉంటది. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ మందు ఉచితంగా ఎక్కిస్తారు. కొండలకి వెళ్ళే ప్రోగ్రాం పెట్టుకున్నప్పుడు దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీ ఏది, వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రి ఏది అని ముందే చూసి ఫోన్‌లో రాసుకోండి, విజయవాడ గుంటూరు మధ్య ఉన్నవాళ్ళకి రెండు ఊళ్ళలో పెద్ద ప్రభుత్వాసుపత్రులు, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి.

డాక్టరుకి చెప్పాల్సినవి: ఎన్ని గంటలకి కరిచింది, ఏం చేస్తుండగా, అప్పటి నుంచి ఏమేం మారింది. కనురెప్పలు వాలాయా, మూత్రంలో రక్తమా, వాంతులా, వాపు ఎంతవరకు పాకింది. వాపు అంచున పెన్నుతో గీత గీసి పక్కన టైము రాస్తే డాక్టరుకి చాలా ఉపయోగం. అక్కడ రక్తం కొంచెం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి గడ్డ కట్టిందా లేదా చూస్తారు, అది చిన్న పరీక్షే కానీ పింజర విషం పట్టిచ్చేది అదే. మందు ఆ నాలుగు పాములకీ కలిపి ఒకటే, గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు, మామూలుగా మొదట 8 నుంచి 10 సీసాలు గంటసేపు ఎక్కిస్తారు. పిల్లలకి కూడా అన్నే సీసాలు, పాము చిన్నపిల్లాడని విషం తగ్గించి దించదు కదా, అంత ఎందుకండీ అని అడ్డుపడొద్దు. మందు పడక ఒళ్ళు దద్దుర్లు, దురద, వణుకు రావొచ్చు, వెంటనే నర్సుకి చెప్తే దానికీ ఇంజెక్షన్ ఉంది. కట్లపాము, నాగుపాము కాటులో ఊపిరి ఆగిపోయి మనిషి చనిపోయినట్టే కనిపిస్తాడు, కళ్ళు కూడా తెరవలేడు, కానీ వెంటిలేటర్ మీద పెడితే అలాంటివాళ్ళలో చాలామంది లేచి నడుచుకుంటూ ఇంటికెళ్ళారు, అందుకని ఆశ వదులుకుని వెనక్కి తీసుకొచ్చెయ్యొద్దు.

ఏమీ లక్షణాలు లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచుతారు, ఉండండి, బాగానే ఉన్నాడు కదా అని రాత్రికి ఇంటికి తెచ్చేసుకోవద్దు. మందు ఎక్కించాక వారం రెండు వారాల్లో జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వస్తే అది మందు వల్ల వచ్చేది కావొచ్చు, మళ్ళీ అదే డాక్టరుకి చూపించండి, మూత్రం తగ్గినా వెంటనే వెళ్ళండి. మా బాబాయికి తొమ్మిదో రోజు ఆ జ్వరం వచ్చింది, తగ్గింది. ఇప్పుడు మళ్ళీ చేలోకి వెళ్తున్నాడు, గమ్ బూట్లు వేసుకునే, సందె పడకముందే లైటు జేబులో పెట్టుకుని.